వాకాడు ఉప్పుటేటి చేపల్ని తిరుపతిలో ఇంట్లో పెంచొచ్చా? నీళ్ళ సంగతి, చేపల సంగతి చెప్పండి

తిరుచానూరు_అబ్బాయి:

నమస్తే అందరికీ. మాది తిరుపతి, తిరుచానూరు రోడ్డు. అత్తగారి ఊరు వాకాడు మండలంలో, తూపిలిపాలెం బీచికి దగ్గర్లోనే. పండక్కి పోయినప్పుడల్లా మా బావమరిది విసురువల భుజాన వేసుకుని ఉప్పుటేటికి బయల్దేరతాడు, నేనూ వెంట పోతాను. కూరకి పనికొచ్చేవి బుట్టలోకి, బొటనవేలంత కూడా లేనివి మళ్ళీ నీళ్ళలోకి. నా కళ్ళన్నీ ఆ వదిలేసే వాటి మీదే ఉంటాయి. ఒకదానికి పసుపు ఒళ్ళు, పక్కన నడిమధ్య నల్లటి మచ్చ. ఇంకోటి లోపలి ముళ్ళు బయటికి కనపడేంత పల్చన. ఇంకోదానికి మెడ నుంచి తోక దాకా వంపు తిరిగిన నల్ల చారలు, చేత్తో పట్టుకుంటే కీచుమంటుంది.

2022లో కొత్త జిల్లాలు వచ్చాక వాకాడు, సూళ్లూరుపేట, తడ అన్నీ మన తిరుపతి జిల్లాలోకే వచ్చాయి. అంటే ఇవి మన జిల్లా చేపలు. ఊళ్ళో ఏ అక్వేరియం షాపులోనైనా ఆఫ్రికా చేపలు, అమెజాన్ చేపలు దొరుకుతున్నాయి. మన ఏటి చేప ఒక్కటీ దొరకదు. నాకు ఇవే కావాలి.

ఇంట్లో మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గాజు ట్యాంకు ఖాళీగా ఉంది. ఉండేది అద్దె ఇల్లు, మొదటి అంతస్తు. బోరు నీళ్ళు బాగా చవుడు, వారంలో రెండు మూడు సార్లు కార్పొరేషన్ నీళ్ళు వస్తాయి. నా సందేహాలు: సముద్రపు నీళ్ళు క్యాన్లలో మోసుకురావాలా, లేకపోతే బోరు నీళ్ళలో కల్లుప్పు కలిపితే సరిపోతుందా? మన ఎండలకి ఇవి తట్టుకుంటాయా? ఏ చేప తేవచ్చు, ఏది తేకూడదు? ఇంట్లో ఆవిడ ఒక్కటే మాట అంది: తెచ్చి చంపే పనైతే వాటిని అక్కడే ఉండనీ అని. నా మాటా అదే. అందుకే ఏదీ తేకముందే అడుగుతున్నాను.

కొళత్తూరు_రెగ్యులర్:

బ్రదర్, నేను తిరుపతిలోనే మెరైన్ (సముద్రపు నీళ్ళ) ట్యాంకు నడుపుతున్నాను. ఉప్పు, మందులు, సామాన్లు అన్నీ చెన్నై కొళత్తూరు మార్కెట్ నుంచే తెచ్చుకుంటాను. మీ ఉత్సాహం చల్లార్చాలని కాదు గానీ, వలలో పడిన చేపని ఇంట్లో బతికించడం కష్టం. వల రాపిడికి పొలుసు ఊడుతుంది, పైనుండే జిగురు పొర పోతుంది, అక్కడ పుండు పడుతుంది. పైకి బాగానే కనపడే చేప మొప్పల్లో పురుగులు మోసుకొస్తుంది. సముద్రంలో ఆ చేపకి ఆ పురుగులు పెద్ద లెక్క కాదు, ఎందుకంటే అక్కడ నీళ్ళకి అంతు లేదు. గాజు పెట్టెలో అవే పురుగులు వారం పది రోజుల్లో వందల రెట్లు అవుతాయి.

మెరైనే కావాలంటే హ్యాచరీలో (గుడ్ల నుంచి పిల్లల్ని తీసే కేంద్రంలో) పుట్టిన క్లౌన్ ఫిష్ జంటతో మొదలుపెట్టండి. మన దేశంలో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు క్లౌన్ ఫిష్‌ని గుడ్డు దగ్గర్నుంచి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు. ట్యాంకులో పుట్టి, మేత తినడం ట్యాంకులోనే నేర్చుకున్న చేప అది. ఇంకో మాట. వలలో సముద్రపు గుర్రం పడినా, పగడం ముక్క దొరికినా ముట్టుకోవద్దు. 2001 నుంచీ అవి వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నాయి. తెలియక తెచ్చామంటే కుదరదు.

సీడ్_ల్యాబ్_అక్క:

తమ్ముడూ, నువ్వు అడుగుతున్నది సముద్రపు ట్యాంకు కాదు, సగం ఉప్పు ట్యాంకు. ఈ రెండూ విడదీసి చూసుకుంటే నీ ఖర్చూ తగ్గుతుంది, భయమూ తగ్గుతుంది. కొళత్తూరు అన్న చెప్పినవి పగడాల దిబ్బల చేపలకి అక్షరాలా నిజం. కానీ మన వైపు తీరమంతా ఇసుక, పగడాల దిబ్బలు లేవు. అవి కావాలంటే మన్నార్ సింధుశాఖకో అండమాన్‌కో పోవాలి. మీ బావమరిది వలలో పడేవి ఏరు సముద్రంలో కలిసే మొగల్లో, ఉప్పుటేర్లలో, పులికాట్‌లో పెరిగే చేపలు. వాటి బతుకే వేరు.

నేను వాకాడు వైపు ఒక రొయ్యల హ్యాచరీలో నీళ్ళ ల్యాబ్ చూస్తాను, సొంతూరు చిత్తూరు. ఉప్పు కొలవడమే నా పని కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతా. పులికాట్‌నే తీసుకో. ఈశాన్య రుతుపవనాలకి స్వర్ణముఖి, కాళంగి, ఆరణి పొంగి వచ్చి పడితే కొన్ని చోట్ల నీళ్ళు దాదాపు మంచినీళ్ళు. మే నెలకి మొగ ఇసుక మేటవేసి, ఎండకి నీళ్ళు ఎగిరిపోయి, కొన్ని చోట్ల సముద్రం కన్నా ఉప్పగా ఉంటాయి. ఒకే ఏడాదిలో ఈ రెంటినీ ఓర్చుకునే చేపకి మన గాజు పెట్టెలో ఉప్పు కాస్త అటూ ఇటూ అయినా ప్రాణం పోదు. దాని ప్రాణం తీసేది అమ్మోనియా, ఊపిరాడకపోవడం, మన తొందర.

కల్లుప్పు సంగతి. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో సోడియం, క్లోరైడ్ పోను మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం 400 మిల్లీగ్రాములు, పొటాషియం కూడా ఇంచుమించు అంతే. ఉప్పు మడిలో నీళ్ళు ఇంకేటప్పుడు ముందు సున్నం అడుక్కి దిగుతుంది, తర్వాత జిప్సం దిగుతుంది, ఆ తర్వాతే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం ఉప్పు తీశాక మిగిలే చేదునీళ్ళలోనే ఉండిపోతాయి, వాటిని బయటికి వదిలేస్తారు. అంటే మన చేతికొచ్చే కల్లుప్పు దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే. చవుడు బోరు నీళ్ళలో కలిపితే గట్టి చేప కొన్నాళ్ళు నెట్టుకొస్తుంది. రొయ్య, పీత మాత్రం పొర విడవలేక చచ్చిపోతాయి. నీకు వాకాడులో మనుషులున్నప్పుడు ఆ అవస్థ ఎందుకు?

లెక్క చూడు. నీ ట్యాంకులో ఇసుక, రాళ్ళు పోను 170 లీటర్ల నీళ్ళు పడతాయనుకో. ఉప్పు లీటరుకి 15 గ్రాముల దగ్గర పెడితే చాలు. దానికి 35 ఉన్న సముద్రపు నీళ్ళు 73 లీటర్లు, మిగతాది మంచినీళ్ళు. మంచినీళ్ళు అమ్మే 20 లీటర్ల క్యాన్లు ఉన్నాయే, అవి నాలుగు. వారానికి ఐదో వంతు నీళ్ళు మార్చినా నెలకి మూడు క్యాన్లు. బావమరిది బస్సులో వేసి పంపినా సరిపోతుంది. అయితే సముద్రంలో ఏడాది పొడవునా 35 ఉండదు. వానాకాలం వెళ్ళగానే మన తీరంలో బాగా తగ్గుతుంది. అందుకని ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఒకటి కొను. నాయుడుపేట, గూడూరులో రొయ్యల రైతులకి మందులమ్మే ఆక్వా షాపుల్లో దొరుకుతుంది, అమ్మోనియా కిట్టు, నైట్రైట్ కిట్టు కూడా అక్కడే. అక్వేరియం షాపుకి పోయే పనే లేదు.

సముద్రపు నీళ్ళు మొగ దగ్గర ముంచొద్దు, రొయ్యల గుంటల కాలవ కలిసే చోట అసలే వద్దు. బీచిలో అలలు తేటగా ఉన్న రోజున పట్టి, పాత పంచె నాలుగు మడతలు వేసి వడకట్టి, మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో చీకట్లో రెండు మూడు వారాలు నిలవబెట్టు. మట్టి దిగిపోతుంది, ఆసరా లేక పురుగుల పిల్లలు చాలావరకు పోతాయి. మేం హ్యాచరీలో బ్లీచింగ్ పౌడర్ వేసి, గాలి కొట్టి, మిగిలిన క్లోరిన్‌ని థయోసల్ఫేట్‌తో విరుస్తాం. టెస్టు చుక్కలు వేస్తే పసుపు రంగు రాకూడదు, అప్పుడే లార్వా ట్యాంకులోకి వదులుతాం. ఇంట్లో పిల్లాపాపలు తిరిగే చోట బ్లీచింగ్ వద్దనే చెప్తా. కార్పొరేషన్ నీళ్ళకి మాత్రం థయోసల్ఫేట్ వెయ్యి, క్లోరిన్ ఉంటుంది. చవుడు బోరు నీళ్ళు గురించి దిగులు పడకు. ఈ చేపలకి చవుడే మంచిది, పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం కొలత) పడిపోకుండా కాస్తుంది. అడుగున ఇసుకతో పాటు కడిగిన ఆల్చిప్పల పెంకులు రెండు గుప్పెళ్ళు వేస్తే ఇంకా మేలు.

ముందు ట్యాంకు, ఆ తర్వాతే చేప. ఫిల్టరు ఆడిస్తూ రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనివ్వు. అమ్మోనియా పెరుగుతుంది, దాన్ని తినే బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. ఇది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. మేత వేసిన మర్నాడు కిట్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే ట్యాంకు తయారైనట్టు. దీనికి దగ్గరదారి లేదు.

ఇక చేపలు. పసుపు ఒళ్ళు, నల్ల మచ్చ అన్నావే, అది ఆరెంజ్ క్రోమైడ్. నీ ట్యాంకుకి అదే సరైంది. మూడంగుళాలు దాటడం అరుదు. దాని అన్న గ్రీన్ క్రోమైడ్, తెలుగు పుస్తకాల్లో దువ్వెన చేప అని ఉంటుంది, కేరళలో కరిమీన్ అని వేయించుకు తినేది అదే. అది జానెడు దాటుతుంది, నీ మూడడుగుల ట్యాంకులో ఒకటి రెండుకి మించి వద్దు. ఈ రెండూ ఏట్లో కలిసి తిరుగుతాయి. పెద్దది కదలకుండా వంగి నిలబడితే చిన్నవి వచ్చి దాని రెక్కల మీద, తోక మీద పట్టిన పురుగుల్ని ఏరుకు తింటాయి. ఆ చిన్నవే సందు దొరికితే పెద్దదాని గుడ్లూ తింటాయి.

ఆరెంజ్ క్రోమైడ్ జంట కుదిరితే చూడాలి నువ్వు. రాతిని నోటితో తోమి తోమి శుభ్రం చేసి గుడ్లు అంటిస్తాయి. ఒకటి రొమ్ము రెక్కలతో గుడ్ల మీదికి నీళ్ళు విసురుతూ ఉంటే ఇంకోటి కాపలా తిరుగుతుంది, కాసేపటికి మారతాయి. పిల్లలు ఈత అందుకున్నాక గుంపుగా వచ్చి తల్లి పక్కకో తండ్రి పక్కకో తగిలి, చిన్న కుదుపుతో ఒంటి మీది జిగురు కొరుక్కుని వెనక్కి పోతాయి. తల్లీ తండ్రీ కదలకుండా నిలబడి ఇస్తాయి. మా ల్యాబ్ కిటికీ దగ్గర తొట్లో ఈ పని జరుగుతుంటే చేతిలో పని వదిలేసి చూస్తాం. ఇన్నేళ్ళుగా రొయ్య పిల్లల్ని లక్షల్లో లెక్కపెడుతున్నా, ఇది చూడటంలో ఉన్న తృప్తి వేరే.

ముళ్ళు కనపడేది గ్లాస్ ఫిష్, ఆంబాసిస్ జాతి. ఆరేడు కలిపి పెట్టు, ఒంటరిగా ఉంటే మూలకి నక్కి తినదు. మొదట్లో కదిలే మేతే తింటుంది, ఆర్టీమియా (ఉప్పునీళ్ళలో పెరిగే చిన్న రొయ్యలాంటి జీవి) కావాలి. చాలా సున్నితం, వల నుంచి చేత్తో ఎత్తితే చాలు పొలుసు రాలుతుంది. నీళ్ళతో సహా మగ్గుతో ముంచుకోవాలి.

వంపు చారల చేప టెరాపాన్ జార్బువా. వద్దు. చూడ్డానికి ముద్దొస్తుంది, పక్క చేపల పొలుసులు పీక్కు తింటుంది, పెరిగితే అడుగు దాకా పోతుంది. స్కాట్, మోనో అనే చేపలు కూడా చిన్నప్పుడు నాణెమంత ఉంటాయి గానీ రెండేళ్ళకి నీ ట్యాంకు పట్టదు. పండుగొప్ప పిల్ల నోట్లో పట్టినవన్నీ మింగుతుంది. మీసాల చేపల ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వాస్తుంది. ఒళ్ళు ఉబ్బించే పఫర్ తోటి చేపల రెక్కలు కొరుకుతుంది, దాని ఒంట్లో విషం కూడా ఉంటుంది కాబట్టి ఇంట్లో పిల్లలుంటే మరీ వద్దు.

రేవు_కుర్రోడు:

అక్క చెప్పిందానికి నావి రెండు ముక్కలు. మాది వాకాడు కిందనే, నాయన, తాత అందరూ వలే. అన్నా, విసురువలతో పట్టిన చేప కూరకే గానీ పెంచేదానికి పనికిరాదు. వల మూసుకుని ఇసకలో ఈడిస్తే చిన్న చేప ఒళ్ళంతా గీసుకపోతాది. దోమతెర గుడ్డతో రెండు కర్రలకి కట్టిన చేతివల చేసుకో. పాటుకి (సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు) నీళ్ళు సగం దిగినాక ఏటి పక్కన మోకాలి లోతు గుంటల్లో నీళ్ళు నిలబడతాయి చూడు, అక్కడ గడ్డి దుబ్బుల కింద ఉంటాయి నువ్వు చెప్పే పసుపువి. వలని నీళ్ళ పైకి ఎత్తబాక. దాన్ని అట్టే నీళ్ళలో ఉంచి, లోపలికి బకెట్టు ముంచి చేపని దాంట్లోకి తోలు. చెయ్యి తగలకూడదు.

తెల్లారుజామున పట్టాల. పొద్దెక్కినాక ఆ గుంటల నీళ్ళు కాగిపోతాయి, అప్పుడు పట్టినవి బకెట్లోనే తేలిపోతాయి. అడుగు బురద కాబట్టి ఒంటరిగా దిగబాక. కార్తీకంలో, మార్గశిరంలో రాబాక, ఏరు మంచినీళ్ళతో నిండి పారతా ఉంటాది, చేపలు యాడుంటాయో మాకే తెలీదు. సంక్రాంతి దాటినాక రా.

పులికాట్ లోపలికి మటుకు పోబాక. అది పక్షుల అభయారణ్యం. అక్కడ బతుకుతెరువుకి వల వేసేవాళ్ళ సంగతి వేరు, బయట్నుంచి వచ్చి సరదాకి పట్టేదానికి ఫారెస్టోళ్ళు ఒప్పుకోరు. శ్రీహరికోట పక్క అసలే వద్దు. మన ఏరు చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రం మీద ఇంజను బోట్లకి వేట నిషేధం. ఏట్లో చేత్తో పట్టేదానికి అది తగలదు గానీ, అవి గుడ్లు పెట్టే దినాలు కదా, మేమైతే చిన్నవాటి జోలికి పోము.

తిరుచానూరు_అబ్బాయి:

అక్కా, తమ్ముడూ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. టెరాపాన్ ఆశ వదిలేశాను, ఆరెంజ్ క్రోమైడ్, గ్లాస్ ఫిష్ ఖాయం. మూడు విషయాలు మిగిలాయి. ఒకటి, వాకాడు నుంచి నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి మూడు గంటల పైనే పడుతుంది. బకెట్లో తేవాలా, కవర్లోనా? ఇంటికి తెచ్చాక కవరు తెరిచి ట్యాంకు నీళ్ళు చుక్కచుక్కగా గంటా రెండు గంటలు కలపాలని వీడియోల్లో చూశాను, అంతేనా? రెండు, మేలో మా ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆరదు, కరెంటు పోతే సంగతేంటి? మూడు, మేడ మీద బరువు గురించి ఓనర్ అడుగుతున్నారు.

సీడ్_ల్యాబ్_అక్క:

కవర్లోనే. మేం రొయ్య సీడ్ (రొయ్య పిల్లలు) పంపేది అట్టాగే. మూడో వంతు నీళ్ళు, మిగతా రెండొంతులు ఆక్సిజన్, రబ్బరు బ్యాండ్లు గట్టిగా, థర్మాకోల్ పెట్టెలో. ఏ హ్యాచరీకైనా పోయి అడుగు, కవరు నింపి ఇస్తారు. పట్టిన రోజే బయల్దేరొద్దు. ఒక రోజు మేత పెట్టకుండా తొట్లో గాలి గొట్టం వేసి ఉంచితే కడుపు ఖాళీ అవుతుంది, దారిలో నీళ్ళు పాడవ్వవు. రాత్రి ప్రయాణం మంచిది.

ఆ వీడియోల్లో చెప్పేది దూరం నుంచి వచ్చిన కవర్లకి చెయ్యకూడదు తమ్ముడూ, ఇది బాగా గుర్తుపెట్టుకో. మూసిన కవర్లో చేప ఊపిరి వదిలి వదిలి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, పీహెచ్ దిగుతుంది. అదే కవర్లో అమ్మోనియా కూడా పేరుకుంటుంది గానీ పీహెచ్ 7 దగ్గర దాన్లో విషపు రూపం ఒక శాతం కూడా ఉండదు. నువ్వు కవరు విప్పగానే ఆ గ్యాసు ఎగిరిపోతుంది, పీహెచ్ గబగబా ఎక్కుతుంది. 8.2 దగ్గరికి వచ్చేసరికి అదే అమ్మోనియాలో దాదాపు పదో వంతు విషం అయి కూర్చుంటుంది. దారంతా బతికొచ్చిన చేప మన ఇంటి గడప దాటాక చచ్చిపోయేది ఇందుకే. కాబట్టి కవరు విప్పకుండా అట్టాగే తొట్టి నీళ్ళలో అరగంట తేలనివ్వు, వేడి సమానమవుతుంది. తర్వాత విప్పి, మెత్తటి వలలోకో గిన్నెలోకో చేపని తీసి వెంటనే తొట్లో వదులు. కవరు నీళ్ళు సింకులోకి. ఇది కుదరాలంటే తొట్టి ఉప్పు ముందే ఏటి ఉప్పుకి దగ్గరగా పెట్టుకోవాలి. అందుకే పట్టిన చోట రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేసి చూసి, ఇంట్లో వాళ్ళకి ఫోన్ చేసి చెప్పు. ఆ తర్వాత రోజుకి కొంచెం చొప్పున 15కి తెచ్చుకోవచ్చు. ఈ జాతి చేపకి ఉప్పు తగ్గడం సులువు, పెరగడం కాస్త కష్టం.

ఎండ గురించి. ఏటి గుంటల్లో ఎండాకాలం వేడి వీటికి అలవాటే, 31, 32 డిగ్రీలకి భయపడొద్దు. కానీ వేడెక్కేకొద్దీ నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది, ఉప్పున్న నీళ్ళలో ఇంకా తక్కువ. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు లీటరుకి 7.5 మిల్లీగ్రాములు పట్టుకుంటే సముద్రపు నీళ్ళు 6.2 దగ్గరే ఆగిపోతాయి. అందుకని గాలి మోటారు రాత్రీపగలూ ఆడాలి. కరెంటు పోతే తనంతట తాను అందుకునే బ్యాటరీ మోటారు కొను, అదే ముఖ్యం, లైట్లు గీట్లు తర్వాత. నీళ్ళ పైభాగం మీదికి చిన్న టేబుల్ ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అట్టా తిప్పితే నీళ్ళు త్వరగా తగ్గుతాయి. తగ్గేది నీళ్ళే, ఉప్పు కాదు. గాజు మీద మార్కరుతో గీత గీసి, తగ్గినంతా మంచినీళ్ళే పొయ్యి. అక్కడ ఉప్పునీళ్ళు పోస్తే నీ 15 కాస్తా పెరుగుతూ పోతుంది.

బరువు మొత్తం రెండు వందల కిలోల పైమాటే. గది మధ్యలో కాకుండా గోడ వారగా, కింద దూలం ఉన్న చోట పెట్టు. ఇనప స్టాండుని ఉప్పు చెమ్మ తినేస్తుంది. ఇటుకల వరసల మీద కడప బండ, దాని మీద అరంగుళం థర్మాకోల్, ఆపైన ట్యాంకు. ప్లగ్గు బోర్డు ట్యాంకు కన్నా ఎత్తులో ఉండాలి, వైరు వెంబడి జారే ఉప్పునీళ్ళు లోపలికి పోకూడదు.

కొళత్తూరు_రెగ్యులర్:

అక్కా, ఏటి చేపని ఏటి ఉప్పులో పెంచే దారి నేను ఆలోచించలేదు, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. నా మాట ఒక్కటి మాత్రం తీసెయ్యొద్దు: కొత్త చేపని నేరుగా ట్యాంకులో వేయకండి బ్రదర్. 50 లీటర్ల ప్లాస్టిక్ తొట్టి, స్పంజి ఫిల్టరు, దాక్కోవడానికి ఒక పీవీసీ పైపు ముక్క. ఇసుక వద్దు. నెల రోజులు అందులో ఉంచండి. అక్క చెప్పినట్టు వదిలేది ఈ తొట్లోకే, ట్యాంకులోకి కాదు.

మీ చేపలకి ఒక వసతి ఉంది, నా పగడాల చేపలకి లేనిది. సముద్రపు తెల్లమచ్చ పురుగు క్రిప్టోకారియాన్ ఉప్పు బాగా తగ్గితే నిలవదు. తొట్టిలో ఉప్పుని రెండు మూడు రోజుల్లో మెల్లగా 10కి దించి నెలంతా అక్కడే పెడితే చేపకి ఏమీ కాదు, పురుగు వంశం ఆగిపోతుంది. ఈ పురుగు కొన్నాళ్ళు చేప మీద, కొన్నాళ్ళు అడుగున గుడ్డు సంచిలో ఉంటుంది. మచ్చలు మాయమయ్యాయని మూడో రోజే ఆపేస్తే మళ్ళీ వస్తుంది. రాగి మందు వాడొద్దు, రేపు ఆ తొట్లో రొయ్యో పీతో పెడితే దానికి ప్రాణాంతకం. ఈ నెలలోనే మేత కూడా అలవాటు చేయండి. మొదట ఆర్టీమియా, తర్వాత సన్నగా తరిగిన రొయ్య ముక్క, ఉడకబెట్టిన పాలకూర, మెల్లగా గింజల మేత. తినే చేపనే పెద్ద ట్యాంకులోకి మార్చండి.

తిరుచానూరు_అబ్బాయి:

రాసుకున్నాను అన్నా. కడప బండకి రేపే చెప్తాను. సంక్రాంతికి అత్తగారింటికి పోతాం, అప్పటికి ట్యాంకు తిరుగుతూ ఉండాలి. ఒకవేళ ఏదైనా మా దగ్గర ఇమడకపోతే తీసుకెళ్ళి మళ్ళీ ఏట్లో వదిలేయొచ్చా?

సీడ్_ల్యాబ్_అక్క:

వద్దు తమ్ముడూ. షాపు చేపలు తిరిగిన వలలు, చేతులు, తొట్లు తగిలాక అది ఏ తెగులు మోసుకుపోతుందో మనకి తెలియదు. ఏటి పక్కనే రొయ్యల గుంటలు, వాటి నీళ్ళు కూడా ఆ ఏటివే. ఇమడని చేప ఉంటే ఇక్కడ రాయి, నా తొట్లో చోటుంది. అందుకే మొదటిసారి ఆరెంజ్ క్రోమైడ్‌లు ఆరు, గ్లాస్ ఫిష్‌లు ఆరు, అంతకు మించి పట్టొద్దు. క్రోమైడ్‌ల్లో జంట తేలాక అది మూల పట్టుకుని మిగతావాటిని తరుముతుంది, అప్పుడు మిగతా నాలుగూ నాకిచ్చేయ్.

రేవు_కుర్రోడు:

అన్నా, కనుమ మర్నాడు తెల్లారి పాటు ఎన్నింటికో నేను ముందురోజు చెప్తా, ఇక్కడే మెసేజ్ పెట్టు. దోమతెర వల నా దగ్గర ఉంది, కొనబాక. మూతున్న బకెట్లు రెండు తెచ్చుకో. ట్యాంకుకీ మూత చేయించు, కత్తిపరిగ పిల్ల ఒకటి వాటిల్లో కలిసి వచ్చిందంటే రాత్రికి ఎగిరి నేల మీద పడతాది.